గల్ఫ్‌లో పుట్టిన బిడ్డకు జనన నమోదు, భారత పాస్‌పోర్టు: ఎలా చేయాలి

గల్ఫ్‌లో కాపురం ఉంటూ అక్కడే బిడ్డను కన్న దంపతులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “ఆసుపత్రి కాగితం ఉంది, ఇక్కడి ప్రభుత్వం జనన ధ్రువపత్రం కూడా ఇచ్చింది. మళ్లీ మన రాయబార కార్యాలయంలో నమోదు ఎందుకు?” ఆ పత్రాలు బిడ్డ ఎక్కడ పుట్టిందో చెబుతాయి కానీ ఏ దేశ పౌరురాలో చెప్పవు. అమెరికాలో మాదిరిగా గడ్డమీద పుట్టినంత మాత్రాన పౌరసత్వం ఇచ్చే పద్ధతి గల్ఫ్ దేశాల్లో లేదు. మన 1955 నాటి పౌరసత్వ చట్టం సెక్షన్ 4 ప్రకారం, 2004 డిసెంబరు 3న గానీ ఆ తర్వాత గానీ విదేశంలో పుట్టిన బిడ్డ భారత పౌరురాలు కావాలంటే, పుట్టిన ఏడాదిలోగా భారత కాన్సులర్ కార్యాలయంలో, అంటే అక్కడి మన రాయబార కార్యాలయంలో లేదా కాన్సులేట్‌లో, నమోదు కావాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరు భారత పౌరులైనా చాలు. కానీ నమోదు తప్పనిసరి.

ఏడాది ఉంది కదా అని ఊరుకోవద్దు. ఆ గడువు మన చట్టానిది. మీరుంటున్న దేశం నివాస వీసాకు పెట్టే గడువు వేరు, అది దీనికంటే చాలా ముందే వస్తుంది. యూఏఈలో బిడ్డ పుట్టిన 120 రోజుల్లోగా నివాస వీసా పూర్తి కావాలి. దాటితే రోజుకింత అని జరిమానా పడుతుంది. వీసా కావాలంటే బిడ్డకు పాస్‌పోర్టు ఉండాలి, పాస్‌పోర్టుకు జనన ధ్రువపత్రం ఉండాలి. అందువల్ల మీ చేతిలో నిజంగా ఉన్నది నాలుగు నెలలే, అందులో మొదటి నెల బాలింత ఇంట్లో ఎలా గడిచిపోతుందో చెప్పనక్కరలేదు.

భార్య కాన్పుకు ఊరికి వచ్చి, బిడ్డ కరీంనగర్‌లోనో కడపలోనో పుట్టి ఉంటే ఇదంతా మీకు అవసరం లేదు. మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రంతో పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్లండి.

కావలసినవి

– బిడ్డ జనన ధ్రువపత్రం అసలు ప్రతి, ఇంగ్లీషులో లేదా ఇంగ్లీషు అనువాదంతో
– తల్లిదండ్రుల పాస్‌పోర్టుల అసళ్లు, మొదటి, చివరి పేజీల నకళ్లు
– ఇద్దరి నివాస పత్రాలు: ఎమిరేట్స్ ఐడీ, సౌదీలో అకామా, కువైట్‌లో సివిల్ ఐడీ, ఆ దేశంలో ఏది ఉంటే అది
– వివాహ ధ్రువపత్రం
– బిడ్డ ఫొటోలు, తెల్లని నేపథ్యంతో
– బిడ్డకు మరే దేశపు పాస్‌పోర్టూ లేదని తల్లిదండ్రుల ప్రకటన
– మైనరు పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసే అనెక్సర్ డి
– ఊరి చిరునామాకు ఆధారం

ఒక్కో దేశంలోని మన కార్యాలయం ఈ పట్టికకు ఒకటో రెండో కాగితాలు కలుపుతుంది. బయలుదేరే ముందు మీ రాయబార కార్యాలయం వెబ్‌సైటులోని తాజా పట్టికను ఒకసారి సరిచూసుకోండి. తోటి కార్మికుడికి రెండేళ్ల క్రితం సరిపోయిన కాగితాలు మీకు సరిపోతాయని అనుకోవద్దు.

1. కాన్పుకు ముందే పేరు రాసి పెట్టుకోండి

సగం తిప్పలకు మూలం పేరే. మన పాస్‌పోర్టులో రెండు గళ్లుంటాయి: సర్‌నేమ్, గివెన్ నేమ్. మన పద్ధతిలో ఇంటిపేరు ముందుంటుంది. అరబ్ దేశాల పద్ధతిలో బిడ్డ పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా వస్తాయి. ఆసుపత్రి గుమాస్తా తనకు అలవాటైన పద్ధతిలో రాసుకుపోతే బిడ్డ పేరులో తండ్రి పూర్తి పేరు వచ్చి చేరుతుంది.

తండ్రి పాస్‌పోర్టులో సర్‌నేమ్ మామిడాల, గివెన్ నేమ్ వెంకట రమణ అనుకుందాం. పాపకు ఆద్య అని పేరు పెట్టాలనుకుంటే గివెన్ నేమ్ ఆద్య, సర్‌నేమ్ మామిడాల అని ముందే తేల్చుకుని, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఒక కాగితంమీద రాసి, తల్లిదండ్రుల పాస్‌పోర్టు నకళ్లతో కలిపి ఆసుపత్రి ఫైలులో పెట్టండి. నోటితో చెప్పి వదిలేయవద్దు. తండ్రి పేరు కలపడం అక్కడ తప్పనిసరి అంటే, ఆ పేరును పాస్‌పోర్టులో ఎలా విడదీస్తారో కాన్సులర్ కేంద్రాన్ని ముందే అడగండి.

సర్‌నేమ్ గడిని ఖాళీగా వదలవద్దు. మన పెద్దల పాస్‌పోర్టులు చాలావాటిలో ఆ గడి ఖాళీ. పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. 2022 నవంబరులో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టులతో వచ్చే సందర్శకులను అనుమతించబోమని ప్రకటించినప్పుడు విమానాశ్రయాల్లో ఎందరో అవస్థ పడ్డారు. బిడ్డకు ఆ బెడద మొదట్లోనే లేకుండా చూడండి. ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించవద్దు. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు చెల్లవు, పూర్తిగా విప్పి రాయాల్సిందే.

నామకరణం 21వ రోజున, అప్పటిదాకా పేరు చెప్పకూడదు అనే ఇళ్లు ఉన్నాయి. ఆచారం పాటించండి, కానీ కాగితంమీద పడే పేరును ఇంట్లో ముందే తేల్చండి. పేరు లేకుండా నమోదై, తర్వాత చేర్పించుకోవడానికి తిరగడం కంటే అది నయం.

2. స్థానిక జనన ధ్రువపత్రం తీసుకోండి, కౌంటరు దగ్గరే చదవండి

ఆసుపత్రి ఇచ్చేది జనన సమాచార పత్రం మాత్రమే. దాంతో ఆరోగ్య శాఖ నుంచి, సౌదీలో అయితే పౌర వ్యవహారాల విభాగం నుంచి, అసలు ధ్రువపత్రం తీసుకోవాలి. పని సగమైందనుకుని చాలామంది మొదటి పత్రంతోనే కాన్సులేట్‌కు వచ్చేస్తారు.

ఇక్కడ తప్పులు దొర్లే తీరు తెలిస్తే పట్టుకోవడం తేలిక. అరబీ లిపిలో ‘ప’ లేదు, దాని బదులు ‘బ’ వాడతారు. ‘వ’ను కొందరు ‘ఫ’గా రాస్తారు. ‘చ’, ‘గ’, ‘ట’, ‘డ’లకూ సరైన జోడీలు లేవు. ప్రదీప్ అరబీలోకి వెళ్లి మళ్లీ ఇంగ్లీషులోకి వచ్చేసరికి బ్రదీబ్ అవుతాడు. అరబీ భాగంలో అలా ఉన్నా పెద్ద చిక్కు లేదు. ఇంగ్లీషు భాగంలో మాత్రం పాస్‌పోర్టులో ఉన్న ప్రతి అక్షరం అలాగే ఉండాలి.

పత్రం చేతికి రాగానే ఇవి చూడండి:

– బిడ్డ పేరు, అక్షరం అక్షరం
– తండ్రి పేరు, తల్లి పేరు, వారి పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే. తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉంటే ఇక్కడా అదే ఉండాలి, అత్తింటి పేరు కాదు
– పుట్టిన తేదీ. సౌదీ పత్రంలో హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండరు) తేదీ ఉంటే పక్కనున్న ఇంగ్లీషు తేదీని ఆసుపత్రి కాగితంతో పోల్చండి. మార్పిడిలో ఒక రోజు తేడా రావచ్చు
– ఆడ, మగ. నవ్వకండి, ఇదీ తప్పు పడుతుంది
– తల్లిదండ్రుల జాతీయత

తప్పు కనిపిస్తే ఆ కౌంటరు వదలవద్దు. అక్కడ అప్పుడే దిద్దించడం సులభం. అదే తప్పు పౌరసత్వ నమోదులోకి, పాస్‌పోర్టులోకి, వీసాలోకి పాకిన తర్వాత నాలుగు చోట్ల దిద్దించాలి.

3. మీది ఏ కార్యాలయమో తెలుసుకోండి

యూఏఈలో అబుదాబిలో రాయబార కార్యాలయం, దుబాయ్‌లో కాన్సులేట్ ఉన్నాయి. షార్జా, అజ్మాన్, రస్ అల్ ఖైమా, ఫుజైరా వంటి ఉత్తర ఎమిరేట్లవారు దుబాయ్ పరిధిలోకి వస్తారు. సౌదీలో రియాద్ ఒకటి, జెద్దా ఒకటి. కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లలో రాజధానిలోని రాయబార కార్యాలయమే. దరఖాస్తు స్వీకరణను చాలాచోట్ల బీఎల్‌ఎస్, వీఎఫ్‌ఎస్ వంటి సంస్థలకు అప్పగించారు. కౌంటరులో కూర్చున్నవారు కాగితాలు సరిచూసి పంపుతారు, నిర్ణయం కాన్సులర్ అధికారిదే. కనుక కౌంటరులో వాదించి లాభం లేదు. కాగితం ఎందుకు తిప్పి పంపుతున్నారో రాసి ఇమ్మనండి.

4. పౌరసత్వ నమోదు దరఖాస్తు నింపండి

కేంద్ర హోంశాఖ పౌరసత్వ పోర్టల్‌లో సెక్షన్ 4(1) కింద మైనరు బిడ్డ నమోదు అనే విభాగాన్ని ఎంచుకోండి. అదే పోర్టల్‌లో విదేశీయులు మన పౌరసత్వం కోరే దరఖాస్తులు కూడా పక్కపక్కనే ఉంటాయి. తొందరలో సెక్షన్ 5ను నొక్కితే పని చెడుతుంది. నింపాక వచ్చే ఫైలు నంబరు రాసుకుని, దరఖాస్తును ముద్రించి, ఇద్దరూ సంతకం చేయండి.

గూగుల్‌లో వెతికితే అచ్చం ఇలాగే కనిపించే ప్రైవేటు సైట్లు పైన వస్తాయి, డబ్బు కూడా గుంజుతాయి. మన ప్రభుత్వ సైట్ల చిరునామా జీఓవీ డాట్ ఇన్ లేదా ఎన్ఐసీ డాట్ ఇన్‌తో ముగుస్తుంది.

టైపింగ్ సెంటరులో నింపించుకోవడంలో తప్పు లేదు. మీ ఫోను నంబరు, మీ ఈమెయిలే ఇవ్వండి, వాళ్లది ఇవ్వనీయవద్దు. చివరి మీట నొక్కే ముందు తెర మీవైపు తిప్పించుకుని పైనుంచి కిందిదాకా చదవండి.

5. పాస్‌పోర్టు దరఖాస్తు

విదేశాల్లోని కార్యాలయాలకు విడిగా పాస్‌పోర్టు సేవా పోర్టల్ ఉంది. ఇండియాలో వాడే పోర్టల్‌లో నింపితే చెల్లదు. చాలా కార్యాలయాలు జనన నమోదు, పాస్‌పోర్టు దరఖాస్తులను ఒకే రోజు కలిపి తీసుకుంటాయి. మీ దగ్గర ఎలాగో అడిగి, వీలుంటే కలిపే ఇవ్వండి.

ఊరి చిరునామా గడి దగ్గర చాలామంది తడబడతారు. తండ్రి పాస్‌పోర్టులో 2014 నాటి రాష్ట్ర విభజనకు ముందున్న చిరునామాయే కొనసాగుతుంటే అందులో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది, ఊరు చూస్తే తెలంగాణలోని జగిత్యాల. 2016లో తెలంగాణలో కొత్త జిల్లాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. పాత పాస్‌పోర్టులో కరీంనగర్ జిల్లా అని ఉన్నా, ఇప్పుడు ఊరు ఏ జిల్లాలో ఉందో అదే రాయండి. మీ ఆధార్‌లో ఉన్న చిరునామాతో అది సరిపోవాలి. ఆధార్ కూడా పాతదే అయితే ముందు దాన్ని మార్పించుకోవడం మేలు.

పుట్టిన ఊరు గడిలో బిడ్డ పుట్టిన నగరం రాయాలి. మీ సొంత ఊరు రాసేవారు ఇంకా ఉన్నారు.

తల్లి లేదా తండ్రి పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే ముందు దాన్ని పునరుద్ధరించుకోండి. లేకపోతే బిడ్డ కాగితాల్లో పాత నంబరు, వీసాలో కొత్త నంబరు పడి, ప్రతిచోటా సంజాయిషీ చెప్పుకోవాలి.

6. ఫొటో, వేలిముద్ర

ఇప్పుడు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం ఉన్న ఫొటోనే అడుగుతున్నారు. తెల్లని నేపథ్యం, ముఖం ఫొటోలో 80 నుంచి 85 శాతం, కళ్లు తెరిచి, నోరు మూసి ఉండాలి. పట్టుకున్న చెయ్యి కనిపించకూడదు. మంచంమీద తెల్ల దుప్పటి పరిచి, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, కిటికీ వెలుతురులో పైనుంచి తీయండి. నీడ పడకుండా చూడండి. బొట్టు, దిష్టిచుక్క ఆ పూటకు తుడిచేయండి. ముఖాన్ని అందంగా మార్చే ఫోను ఫిల్టర్లు వాడితే ఫొటో తిరస్కరిస్తారు.

సంతకం గడిలో తల్లిదండ్రులు సంతకం చేయకూడదు. బిడ్డ బొటనవేలి ముద్ర వేయాలి, మగబిడ్డకు ఎడమచేతిది, ఆడబిడ్డకు కుడిచేతిది. పాలు తాగి నిద్రపోయినప్పుడు, సిరా పలుచగా అద్ది, గడి గీతలు దాటకుండా వేయించండి. ముందు వేరే కాగితంమీద రెండుసార్లు వేసి చూస్తే అసలు దరఖాస్తు పాడవదు.

7. సమర్పించే రోజు

అసళ్లు ఒక సంచిలో, నకళ్లు మరో సంచిలో పెట్టుకోండి. తల్లిదండ్రులిద్దరూ వెళ్లడం మంచిది. డబ్బు కట్టిన ప్రతిసారి రసీదు తీసుకుని, అందులోని మొత్తాన్ని అక్కడ అతికించిన ధరల పట్టికతో పోల్చండి. ఎస్‌ఎంఎస్, కొరియరు, ఫొటోకాపీ అంటూ చేర్చే అదనపు సేవలు ఐచ్ఛికం. వద్దంటే తీసేస్తారు, కానీ వద్దని మీరే చెప్పాలి.

8. చేతికి వచ్చాక సరిచూడండి

రెండు వస్తాయి: జనన నమోదు ధ్రువపత్రం, పాస్‌పోర్టు. ధ్రువపత్రంలో పౌరసత్వ చట్టం సెక్షన్ 4 ప్రస్తావన, అధికారి సంతకం, ముద్ర ఉన్నాయో చూడండి. బిడ్డ భారత పౌరసత్వానికి మూలాధారం ఇదే. స్కాను చేసి ఇద్దరి ఈమెయిళ్లలో దాచండి, అసలును ఇనప్పెట్టెలో పెట్టండి.

పాస్‌పోర్టులో మొదటి పేజీ పేర్లు, చివరి పేజీలోని తల్లిదండ్రుల పేర్లు చూడండి. ఆ తర్వాత మొదటి పేజీ అడుగున బాణం మొనల గుర్తులతో నిండిన రెండు వరుసలు చదవండి. విమానాశ్రయంలో యంత్రం చదివేది వాటినే. పై వరుసలో దేశం కోడ్ తర్వాత ఇంటిపేరు, రెండు బాణం మొనలు, ఆపై బిడ్డ పేరు రావాలి. కింది వరుసలో పుట్టిన తేదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో ఆరు అంకెలుగా ఉంటుంది. తేడా ఉంటే వీసాకు వెళ్లకముందే తిరిగి ఇవ్వండి.

మైనరు పాస్‌పోర్టు గడువు 5 ఏళ్లు. చివరి తేదీని ఇప్పుడే ఫోనులో గుర్తుపెట్టుకోండి. బడి సెలవులకు టికెట్లు కొన్నాక గడువు తీరిందని తెలుసుకునే కుటుంబాలు ప్రతి వేసవిలోనూ ఉంటాయి.

చిక్కుముడులు

వివాహ ధ్రువపత్రం లేదు. గుడిలోనో కల్యాణ మండపంలోనో పెళ్లి చేసుకుని శుభలేఖ, ఆల్బమ్ తప్ప ఏమీ లేని జంటలు చాలామంది. ఊళ్లో జరిగిన పెళ్లిని రాయబార కార్యాలయం నమోదు చేయదు. 1969 నాటి విదేశీ వివాహాల చట్టం విదేశంలో జరిగే పెళ్లిళ్లకే వర్తిస్తుంది. ఊరికి వచ్చినప్పుడు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇద్దరూ హాజరై నమోదు చేయించుకోండి. ఆ పత్రం గల్ఫ్‌లో చెల్లాలంటే రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపై విదేశాంగ శాఖ ధ్రువీకరణ కావాలి. ఒమన్, బహ్రెయిన్, సౌదీ అపోస్టిల్‌ను, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద మన విదేశాంగ శాఖ వేసే ముద్రను, అంగీకరిస్తాయి. యూఏఈ, కువైట్, ఖతర్‌లకు ఇండియాలోని వారి రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్ ముద్ర కూడా కావాలి. విదేశాంగ శాఖకు హైదరాబాద్‌లో శాఖా కార్యాలయం ఉంది. గర్భం నిలిచాక ఆసుపత్రిలో ఫైలు తెరవడానికే ఈ పత్రం అడిగే చోట్లున్నాయి, అందుకే భార్యను తీసుకెళ్లే ముందే దీన్ని పూర్తిచేయండి.

పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర ఉంది. ఉద్యోగి పాస్‌పోర్టును యజమాని అట్టిపెట్టుకోవడాన్ని గల్ఫ్ చట్టాలు చాలావరకు నిషేధించాయి. అయినా జరుగుతూనే ఉంది. కొడుకు కాగితాల కోసం ఫలానా తేదీన కావాలని రాతపూర్వకంగా, కనీసం ఫోను సందేశంగా, కంపెనీ తరఫున ప్రభుత్వ కాగితాల పనులు చూసే మందూబ్‌ను అడగండి. ఇవ్వకపోతే ఆ సందేశంతో రాయబార కార్యాలయం కార్మిక విభాగాన్ని కలవండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఊళ్లోని కుటుంబం నుంచి ప్రయత్నించాలంటే ఆంధ్రప్రదేశ్‌వారికి ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ, తెలంగాణవారికి రాష్ట్ర ప్రభుత్వ ప్రవాసుల విభాగం ఉన్నాయి.

ఏడాది దాటింది. దారి మూసుకుపోలేదు, పొడవైంది. ఆలస్యానికి కారణం చెప్పి ఆధారాలు జతచేస్తే దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ అనుమతికి వెళుతుంది. ‘తెలియక’ అని ఒక్క మాట రాసి వదలకుండా, ఆసుపత్రి రికార్డులు, వీసా జాప్యం చూపే కాగితాలు, జరిమానా రసీదులు తేదీల వరుసలో పెట్టండి.

తల్లికి అకామా లేదు, లేదా గడువు తీరింది. ఇళ్లలో పనికి వెళ్లి, యజమాని ఇల్లు వదిలేసిన మహిళలకు ఎదురయ్యే పరిస్థితి ఇది. టైపింగ్ సెంటరుకో దళారికో డబ్బు ఇవ్వకుండా నేరుగా రాయబార కార్యాలయానికి వెళ్లండి. ఇండియాకు తిరిగి రావడానికి మాత్రమే పనికొచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అక్కడ ఇస్తారు. గల్ఫ్‌లో అందరూ అవుట్‌పాస్ అనేది దీన్నే. దాంతోపాటు ఆ దేశం నుంచి నిష్క్రమణ అనుమతి కూడా కావాలి, ఒక్క అవుట్‌పాస్‌తో విమానం ఎక్కలేరు. చేతిలో డబ్బు లేనివారు భారతీయ సమాజ సంక్షేమ నిధి కింద సాయం అడగవచ్చు. ఆ నిధి ఉన్నది ఇందుకే, మొహమాటపడవద్దు.

నమోదు చేయకుండానే బిడ్డతో ఊరికి వచ్చేశారు. స్థిరపడటానికే వచ్చి ఉంటే, 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం సెక్షన్ 20 కింద, బిడ్డ ఇండియాకు చేరిన 60 రోజుల్లోగా ఇక్కడి రిజిస్ట్రార్ దగ్గర జననం నమోదు చేయించవచ్చు. బడికి, ఆధార్‌కు అది ఉపయోగపడుతుంది. పౌరసత్వ చట్టం కింద నమోదు మాత్రం వేరే పని, దానికి కాన్సులర్ నమోదే కావాలి. మళ్లీ గల్ఫ్‌కు వెళ్లే ఆలోచన ఉంటే రెండో పనిని ఏడాది లోపల పూర్తిచేసేలా ప్రయాణం చూసుకోండి.